క్షమించు అధికారము ఎవరిది?

ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రీడాప్రాంగణమున రాత్రిపూట జరుగు క్రికెట్ పోటీ ముగియునప్పటికి పదకొండు గంటలు దాటును. ఇబ్రహీంపట్నమునుండి వెళ్లిన యువకులు నాగోలు, ఎల్.బి. నగర్ దాటి, తుర్కయాంజాల్, బొంగుళూరు గేటు మీదుగా సాగర్ రోడ్డున ఇల్లు చేరవలెను. అది సుమారు 30 కిలోమీటర్ల దారి. తమ జట్టు గెలిచినచో గెలిచినందుకు, ఓడినచో ఓడినందుకు కొందరు త్రోవలో ఒకచోట ఆగుదురు. ఆగిన చోట ఒక గంట గడచును. పిమ్మట అదే మోటారు సైకిలుపై ఇద్దరో ముగ్గురో ఎక్కి బయలుదేరుదురు. వెళ్లినవారందరును ఇట్లే చేయుదురని చెప్పుట అన్యాయము. అయినను ఇట్లు చేయువారు ఏ ఊరికిని క్రొత్తవారు కారు. ఇంటివద్ద తల్లి తలుపు గడియ వేయక కూర్చుండును. కొడుకు లోనికి రాగానే ఆమె ప్రాణము కుదుటపడును. ఎట్లు వచ్చితివి, బండి ఎవరు నడిపిరి అని ఆమె అడుగదు. ఇల్లు చేరినాడు గదా అనుకొని దీపమార్పును.

ఆమె అడుగకపోవుటకు హేతువు ప్రేమయే. అదే ప్రేమ మరియొక రూపమున, మరింత పెద్ద గొంతుతో, ఆటగాండ్ర అభిమానులయందు కనబడుచున్నది. పేరుపొందిన క్రీడాకారుడెవడైన తాగి వాహనము నడిపి పట్టుబడినాడను వార్త వచ్చినప్పుడు వారు పలుకు మాటలు చెవిని పెట్టదగినవి. దేశమునకు అతడు తెచ్చిన కీర్తిని మరువవచ్చునా అని ఒకడు. ఎవరికిని ఏమియు కాలేదు గదా అని ఇంకొకడు. పేరున్నవాడు గనుకనే పోలీసులు పట్టిరని వేరొకడు. ఆటను చూడవలె గాని ఆటగాని ఇల్లు తొంగిచూడవచ్చునా అని నాలుగవవాడు. ఆ పట్టుబడినవాడు ఎదుటి జట్టువాడైనచో ఈ నలుగురే వాని జీవితకాలము ఆటనుండి వెలివేయవలెనందురు. చేసిన తప్పు ఒక్కటే. మారినది చొక్కా రంగు. తూనికరాయి ఇట్లు మారుచుండగా దానిని న్యాయమని ఎవరును అనరు. కాని దానికి అభిమానమని పేరు పెట్టినచో అందరును తలయూపుదురు.

క్రికెట్ ప్రియులకు పరిచితమైన ఒక ఉదంతము శ్రీలంకలో జరిగినది. 2019 ఫిబ్రవరిలో దిముత్ కరుణరత్నె నాయకత్వమున ఆ దేశపు జట్టు దక్షిణాఫ్రికా గడ్డపై టెస్టు పోటీల వరుసను గెలిచెను. ఆసియాఖండపు జట్టు ఏదియు అంతకుముందు అక్కడ అట్లు గెలిచియుండలేదు. అదే సంవత్సరము మార్చి నెలాఖరున కొలంబోలో కరుణరత్నె నడుపుచున్న కారు ఒక ఆటోను ఢీకొనెను. ఆటో నడుపువాడు గాయపడి ఆసుపత్రి చేరెను. మద్యము సేవించి నడిపినందుకు పోలీసులు కరుణరత్నెను అరెస్టు చేసిరి. ఆయన తప్పు ఒప్పుకొనెను. క్రికెట్ బోర్డు 7,500 డాలర్ల జరిమానా విధించినది. ఏప్రిల్ నెల గడువకముందే ప్రపంచ కప్పు పోటీలకు ఆయననే నాయకునిగా ప్రకటించినది. తప్పు ఒప్పుకొన్నవానికి పదవి ఈయరాదని ఎవరును శాసింపలేరు. అందులో బోర్డునకు తన కారణములు తనకుండును. ఇచట గమనింపదగినది వేరొకటి. నాయకుని పేరు, పరుగుల లెక్క, జరిమానా మొత్తము, ఇవన్నియు దేశదేశముల పత్రికలలో వచ్చెను. ఆ ఆటో నడుపువాడు ఎన్నిదినములు పనికి పోలేకపోయెనో, వాని ఇంట పొయ్యి ఎట్లు వెలిగెనో తెలిసికొనవలెనని ఎందరు అభిమానులకు తోచియుండును? అతడు చేయుచుండినదియు కాయకమే గదా!

అమెరికా దేశపు ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కథ ఇంతకంటె దీర్ఘమైనది, ఎక్కువ ఆలోచింపజేయునది. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆరు స్వర్ణపతకములు, రెండు కాంస్యపతకములు గెలిచి వచ్చిన కొద్ది నెలలకే, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఆయన తాగి కారు నడుపుచు పట్టుబడెను. న్యాయస్థానము పదునెనిమిది నెలల పర్యవేక్షణ విధించినది. కుర్రవాడు, తెలియక చేసినాడు అని లోకము సరిపెట్టుకొన్నది. 2008లో బీజింగ్‌లో ఎనిమిది స్వర్ణములు రాగానే ఆ పాత మాట ఎవరికిని గుర్తులేకపోయెను. సుమారు పదేండ్ల పిమ్మట, 2014 సెప్టెంబరు చివర, బాల్టిమోర్ నగరమున ఆయన మరల అదే నేరమున అరెస్టయ్యెను. ఈసారి ఆ దేశపు ఈత సంఘము ఆరు నెలలు పోటీలనుండి దూరముంచినది. 2015లో కజాన్‌లో జరిగిన ప్రపంచ పోటీల జట్టునుండి తొలగించినది. న్యాయస్థానము ఒక సంవత్సరము జైలుశిక్ష విధించి, దానిని నిలిపియుంచి, పదునెనిమిది నెలల పర్యవేక్షణలో ఉంచినది. అరెస్టయిన దినములలో గదిలోనుండి బయటికి రాక, బ్రదుకవలెననియే తోచక గడిపితినని ఆయన తరువాత స్వయముగా చెప్పుకొనెను. చికిత్సాకేంద్రమున చేరి చాల దినములు గడిపెను. 2016లో రియో ఒలింపిక్స్‌లో ఐదు స్వర్ణములు, ఒక రజతము గెలిచెను.

మొదటిసారి అందరును కఠినముగా నుండియుండినచో రెండవసారి జరిగియుండెడిది కాదని చెప్పుటకు వీలులేదు. మానవుని మనస్సు అంత సుళువైన లెక్కకు లొంగదు. అయినను శిక్ష అనిన ఆటగాని భవిష్యత్తు నాశనమగునని వాదించు అభిమానికి ఈ కథ సమాధానమీయగలదు. ఆరు నెలలు కొలనుకు దూరముగానున్నవాడు మునిగిపోలేదు. మరియొక విషయము. ఆ పదేండ్లు ప్రపంచమంతయు ఆయనకు చప్పట్లు కొట్టినది. గదిలో తలుపు మూసికొన్ననాడు ఆ చప్పట్లు ఆయనకు ఏమాత్రమును తోడురాలేదు.

"ఎవరికిని ఏమియు కాలేదు గదా" అను మాట అభిమాని వాదములన్నింటిలో బలమైనది. దీనిని త్రోసివేయక నిదానముగా పరిశీలింపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా ముందుకు పోవును. మద్యము చూపును, లెక్కకట్టు శక్తిని, చేతిని మందగింపజేయును. బ్రేకు నొక్కుటకు ఒక్క సెకను ఆలస్యమైనచో ఆ 16 మీటర్లలో ఏమున్నదో దానిపైనే ఫలితము ఆధారపడును. సాగర్ రోడ్డున ఒకనాడు అచ్చట ఏమియు ఉండదు. మరునాడు వెనుక దీపము లేని ట్రాక్టరు ఉండును. ఇంకొకనాడు పాలక్యాను కట్టుకొని తెల్లవారుజామున బయలుదేరిన రైతు ఉండును. బండి నడిపినవాడు మూడు దినములును చేసిన పని ఒక్కటే. మొదటినాడు వాడు ఇల్లు చేరినది వాని పుణ్యమువలన కాదు, ఎదుట ఎవరును లేకపోవుటవలన.

2016 జూలై 1న హైదరాబాదులో పంజాగుట్ట వద్ద ఎదుట ఒక కుటుంబము ఉన్నది. తాగిన ఇంజనీరింగ్ విద్యార్థుల కారు విభాగినిని దాటి ఎగిరి అవతలి త్రోవలో పోవుచున్న కారుపై పడినది. బడినుండి ఇంటికి వచ్చుచున్న చిన్నపిల్ల, ఆమె కుటుంబమువారు మరియిద్దరు ప్రాణములు కోల్పోయిరి. ఆ విద్యార్థులు రాక్షసులు కారు. ఇంజనీరింగ్ కళాశాలలు అనేకమున్న ఇబ్రహీంపట్నము పరిసరములలో ప్రతిదినము బస్సు దిగు పిల్లలవంటివారే. మధ్యాహ్నము వారిలో ఒకడైన, నేడు మనము కారు తేరాదు అని యుండవచ్చును. అనియున్నను మిగిలినవారు నవ్వియుందురు.

ఇక మత్తులో నున్నవానికి తెలివి యెక్కడిది, తెలివి లేనివానికి బాధ్యత యెక్కడిది అని తర్కించువారు కలరు. బాధ్యత మూడవ గ్లాసు వద్ద వెదకరాదు. తిరుగుప్రయాణమునకు వేరు ఏర్పాటు లేకుండ, తాగుదునని తెలిసి, బండిపై వచ్చిన సాయంకాలము వద్ద వెదకవలెను. అప్పుడు వానికి మత్తు లేదు. యాలకులు నమిలినను, నిమ్మరసము త్రాగినను, చన్నీళ్లు ముఖమున చల్లుకొన్నను రక్తములోని మద్యము తగ్గదు; దానిని తగ్గించునది కాలము మాత్రమే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించిన మద్యమున్నచో నేరమనుచున్నది. 2019లో సవరించిన పిమ్మట మొదటి నేరమునకు ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఈ చట్టము ప్రమాదము జరిగినదా లేదా అని అడుగదు. అభిమానికంటె చట్టమే ఇచట సూక్ష్మముగా ఆలోచించినది.

2018 జనవరిలో హైదరాబాదులో న్యాయస్థానము పేరున్న ఒక టెలివిజన్ వ్యాఖ్యాత లైసెన్సును మూడేండ్లపాటు నిలిపివేసినది. ఆయన నూతన సంవత్సరపు రాత్రి తనిఖీలో పట్టుబడినవాడు. తాను చేసినది తప్పని, మరెవరును చేయరాదని ఆయనయే చెప్పెను. తప్పు చేసినవాడు అంత స్పష్టముగా ఒప్పుకొన్న తరువాతకూడ ఆయనను వెనుకవేసికొని వచ్చువారు ఏమి కాపాడుచున్నట్లు?

ఇచటనే అసలు ప్రశ్న ఎదురగుచున్నది. క్షమించుటకు అధికారము ఎవరిది? కొలంబోలో గాయపడిన ఆటోవానిది కొంత. బిడ్డను కోల్పోయిన తల్లిది కొంత. ఆ రాత్రి ఆ త్రోవన నడచిన, తమకు తప్పిన అపాయమును ఎన్నటికిని ఎరుగని జనులందరిది కొంత. వేలకొలది మైళ్ల దూరమున కూర్చుండి టెలివిజన్ చూచు అభిమానిది ఎంతమాత్రము కాదు. తనది కాని ధనమును దానము చేయువానిని ఉదారుడందురా? తనకు జరుగని హానిని క్షమించు అభిమాని అట్టివాడే.

ధనము మాట వచ్చినది గనుక బసవేశ్వరుని చరిత్రలోని ఒక ఘట్టము స్మరింపదగును. ఆయన కల్యాణమున బిజ్జలుని భాండారాధికారి. రాజధనమును జంగమార్చనకు వ్యయము చేయుచున్నాడని కొందరు రాజునకు చాడీలు చెప్పిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఈ కథ కలదు. నాటి బసవనికి అభిమానులకు కొదువలేదు. ఆయనకై ప్రాణములిచ్చువారు వేలమంది. మా బసవన్ననే శంకింతురా అని వారు పురవీధులలో నిలిచినచో రాజే వెనుదీసియుండును. బసవన్న ఆ త్రోవ తొక్కలేదు. భాండారమును తెరపించి లెక్కింపజేసెను. లెక్క సరిపోయినది. శివుని మహిమగా ఈ కథను చెప్పుకొనుట పరిపాటి. లెక్క చూపుమని అడిగినవారిపై ఆయన కోపింపకపోవుటయు మహిమయే యని చెప్పుకొనుట తక్కువ. తనవారు తనను పొగడి పొగడి గాయపరచుచున్నారని ఆయన వాపోయినట్లు వచనములవలన తెలియుచున్నది. పొగడ్త దెబ్బ తీయునని గ్రహించిన నాయకులు ఏ కాలమునను అరుదు.

మద్యమును అమ్మువారి మాటయు కొంత చెప్పవలెను. మద్యమును సూటిగా ప్రకటించుట టెలివిజన్‌లో నిషిద్ధము. సోడా పేరిట, సంగీతపు సి.డి.ల పేరిట ఆ పేర్లు ఇంటింట తిరిగినవి. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు బెంగళూరు జట్టును కొన్నది మద్యపు వ్యాపారి. జట్టు పేరే ఆయన సంస్థ విస్కీ పేరును తలపించును. పదేండ్ల పిల్లవాడు ఆ పేరు గల చొక్కా తొడిగి బడికి పోయిన ఇండ్లు మన బంధువర్గములోను కలవు. శరణులలో హెండద మారయ్య కల్లు అమ్మిన వాడు. తాగవచ్చినవారికే తాగుడు మానుమని బోధించెనని ఆయనను గూర్చి చెప్పుదురు. నేటి వ్యాపారమున అట్టి అంగడి తెరచినచో మొదటి దినమే మూతపడును!

అట్లయిన తప్పు చేసిన ఆటగాని బొమ్మను గోడనుండి చించివేయవలెనా? అక్కరలేదు. వాని ఆటను మెచ్చుట తప్పు కాదు. చేతి నేర్పు చేతిది. కాని వాడు లెక్క చూపువరకు వాని తరఫున మాటాడక ఊరకుండుట అభిమానికి సాధ్యమగు పని. అదికూడ కష్టమే. ఎందుకనగా ఆటగానిని వెనుకవేసికొనివచ్చు నోరు తన మిత్రునికొరకు అభ్యాసము చేయుచున్నది. "వాడు ఎంత తాగినను బండి సరిగా నడుపును" అను మాట మొదట టెలివిజన్ ముందర పుట్టి, పిమ్మట సాగర్ రోడ్డు పక్కన వినబడును.

పోటీ చూడవచ్చువారికి ఉప్పల్ క్రీడాప్రాంగణము పేరిటనే మెట్రో స్టేషను కలదు, ఎల్.బి. నగర్ వరకును మెట్రో కలదు. అచటినుండి పదిమంది కలిసి ఒక వాహనము మాటాడుకొనవచ్చును. ఇవి ధనము లేక కానివి కావు. కానిది వేరొకటి. ఆ గుంపులో తాగని ఒకడు చేయి చాచి, తాళపుచెవి ఇటు ఇమ్మనవలెను. బండి గలవాడు ముందు నవ్వును, పిమ్మట తిట్టును. నీవేమి మఠపు స్వామివా అని మిగిలినవారు ఎత్తిపొడుతురు. ఇచ్చినచో అందరును ఇల్లు చేరుదురు. ఏమియు జరుగదు గనుక వీడు ఏమి తప్పించెనో ఎవరికిని తెలియదు. మరునాడు టీకొట్టు వద్ద వానితో ఎవరును మాటాడరు. తరువాతి రెండు మూడు పోటీలకు వానిని పిలువరు.