మూడవ రాత్రి ఎవరు మేలుకొంటారు?



విభూది బుధవారంనాడు నొసట విభూది పెట్టించుకొని, "ఇక చుక్క ముట్టను" అని దేవునికి మాట ఇచ్చే సోదరులు మన విచారణలలో ఎందరో ఉన్నారు. ఆ మాట విని ఇల్లాలు ఆనందబాష్పాలు రాలుస్తుంది. కాని రెండు మూడు రోజులకు అతని చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు. గోడ మీద లేని పురుగులు పాకుతున్నాయంటాడు. ఇంట్లోవారు "దయ్యం పట్టింది" అని భయపడతారు. లేదా "మళ్ళీ తాగడానికి నాటకం" అని కసురుకొంటారు.

ఇది దయ్యమూ కాదు, నాటకమూ కాదు. ఏళ్ళ తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు, అది ఒక్కసారిగా ఆగిపోతే అదుపు తప్పుతుంది. తాగడం ఆపిన మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చలించవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. కనుక రోజూ అధికంగా తాగేవారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. దేవునికి మాట ఇవ్వడం మంచిదే. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళడం విశ్వాసలోపం కాదు.

అక్కడ నర్సమ్మ చేసే సేవ చూడండి. మాటిమాటికీ నాడి, రక్తపోటు, వణుకు పరీక్షిస్తుంది. గ్లూకోజు ఎక్కించే ముందు బి-1 విటమిను ఇస్తుంది. అది లోపించిన ఒంటికి గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడుకు హాని కలగవచ్చు. రాత్రంతా గదిలో చిన్న దీపం ఉంచుతుంది. "అన్నా, మీరు ఆసుపత్రిలో ఉన్నారు. ఇవాళ శనివారం. నేను ఇక్కడే ఉన్నాను" అని మెల్లగా చెబుతుంది. నిందించదు.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుడు కూడా, ఈ దారిన ఎందుకు వచ్చావని గాయపడినవానిని అడగలేదు. కట్లు కట్టాడు, సత్రానికి చేర్చాడు, దగ్గరుండి పరామర్శించాడు. మరునాడు సత్రపు యజమానికి రెండు దీనారాలిచ్చి, తిరిగి వస్తానని చెప్పాడు. ఆ తిరిగి రావడమే మనకు కష్టం. వ్యసనం తిరగబెట్టే జబ్బు. కోలుకొన్న సోదరుడు మళ్ళీ పడితే, "ఇక వీడు మారడు" అని తలుపు వేసుకొంటాం.

1550లో ఇటలీలో జన్మించిన పునీత కమిల్లస్ జూదానికి బానిసై సర్వం పోగొట్టుకొన్నాడు. రోములోని ఆసుపత్రిలో పనికి చేరితే, అక్కడా జూదం, తగవులు మానలేక గెంటించుకొన్నాడు. 1575లో మనసు మారాక అదే ఆసుపత్రికి తిరిగి వెళ్ళి, కాలక్రమంలో దాని పర్యవేక్షకుడయ్యాడు. నేడు ఆయన రోగులకూ నర్సులకూ పాలక పునీతుడు. ఆ రెండవసారి తలుపు తెరవకపోతే?

మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే ఆ తల్లికి తోడుగా వెళ్ళండి. ఉచిత ఫోను 14446కు చేసి దారి అడగండి. ఆసుపత్రిలో ఒక రాత్రి ఆమెను నిద్రపోనిచ్చి, మీరు మేలుకొని ఉండండి. అట్టి ప్రేమను ప్రభువు మనకందరికీ అనుగ్రహించునుగాక. ఆమెన్.