ఆ గంట ఎవరిది?

ఆడమనిషి రాయాలంటే ఏం కావాలి? మా ఇంట్లో ఒక్కొక్కళ్ళు ఒక్కో జవాబు చెబుతారు. మా ఆయన టైము కావాలంటాడు. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి తలుపేసుకునే గది కావాలంటది. మా అమ్మయితే "కడుపు నిండాల, పిల్లలు నిద్దరపోవాల" అంటది. అమ్మ మాటే సత్యానికి దగ్గర. అయితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళు నిద్రపోరు. ఎవరో ఒకళ్ళు జోకొట్టాలి. మా ఇంట్లో ఆ మనిషి అమ్మే.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. చిలకలూరిపేట వైపు ఒక పల్లె మాది. మావైపు పల్లె అంటే ఊరు కాదు, ఊరి అవతల మాలమాదిగలుండే చోటు. ఉద్యోగం కోసం ఇప్పుడు టౌన్లో అద్దెకుంటున్నాం. ఆ అద్దిల్లు దొరకడానికి తొమ్మిది గుమ్మాలెక్కాం. ప్రతి గుమ్మంలోనూ "మీరేవుట్లు?" అన్నారు. జవాబు విన్నాక చాలామందికి ఉన్నట్టుండి చుట్టాలొచ్చే పని పడింది. చివరికి దొరికింది రెండు గదులు. ఒక గదిలో మేమూ పిల్లలూ పడుకుంటాం. రెండో గదిలో వంట సామాను, అమ్మ మంచం, బియ్యం డబ్బా. ఆ డబ్బా మీద అట్ట పెట్టుకుని నేను రాస్తాను.

బడి వేరే మండలంలో. పొద్దున ఏడింటికి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా నాకొక గంట ఉంది. నేను రాసిన నాలుగు కథలూ, ఈ వ్యాసమూ ఆ గంటలోవే. ఆ గంటలో అమ్మ మా చిన్నాణ్ణి ఒళ్ళో ఏసుకుని జోకొడతది. అంట్లు తోమి బోర్లిస్తది. మర్నాటికి పప్పు నానబోస్తది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు ఒంగవు. నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. ఆ గంట నాదా, అమ్మదా? తరతరాలుగా నోరు నొక్కేసిన మనిషి తన మాట తాను చెప్పుకోడం న్యాయమే. ఆ మాట చెప్పడానికి ఇంకో నోరులేని మనిషి చాకిరీ మీద నిలబడడం న్యాయమేనా?

వర్జీనియా ఉల్ఫ్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అనే పుస్తకం అచ్చేసింది. ఆడది కథలు రాయాలంటే ఏడాదికి 500 పౌండ్ల రాబడీ, తాళం పెట్టుకునే గదీ ఉండాలని అందులో ఆమె వాదం. నాకు ఆ వాదం నచ్చింది. అయితే కథ చెప్పే ఆమెకి ఆ 500 పౌండ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని చూశాను. ఒక బంధువు రాసిచ్చి పోయింది. ఇంగ్లీషులో ఆంట్ అని ఉంది గాబట్టి పిన్నో మేనత్తో తెలీదు. ఆమె బొంబాయిలో గుర్రమ్మీద షికారు పోతా కింద పడి చచ్చిపోయింది. బొంబాయి అనగానే నా కళ్ళు అక్కడే ఆగిపోయినై. ఆ గుర్రానికి గడ్డి కోసిందెవరు? ఆ లాయం ఊడ్చిందెవరు? ఉల్ఫ్ ఇంట్లో వంటమనిషి ఉండేది. తలుపు లోపలున్న మనిషికి ఏం కావాలో ఆ పుస్తకం బాగా చెప్పింది. తలుపు బయట పనిలో ఉన్న మనిషి సంగతి మనమే అడగాలి.

1990ల్లో తెలుగు స్త్రీవాద కవులు వంటిల్లు చెర అని చెప్పారు. 1993లో 'నీలిమేఘాలు' సంకలనమొచ్చింది. వాళ్ళ బాధ నిజమే. మా అమ్మకి చెర అనుకోడానికి వంటిల్లు లేదు. పంచలో మూడు రాళ్ళ పొయ్యి, చినుకు పడితే అదీ లేదు. తెల్లారకముందే సంగటి కెలికి, పొద్దెక్కేసరికి చేలో ఉండాల. అమ్మ ఇంట్లో ఉందంటే ఆ రోజు కూలి పోయినట్టే. మిరపకాయ కోతల రోజుల్లో సాయంత్రానికి అరచేతులు నిప్పులయ్యేయి. కల్లంలో తాలుకాయలు ఏరితే కళ్ళూ ముక్కూ మండిపోయేయి. నేను పుట్టిన నెలకే పనిలోకి పోయిందంట. నాకు పాలివ్వబోయే ముందు మూడుసార్లు చేతులు కడుక్కున్నా ఆ మంట నా ఒంటికి తగిలి ఏడ్చేదాన్నంట. నా ఇద్దరు పిల్లలకీ నాకు 180 రోజుల చొప్పున ప్రసూతి సెలవు వచ్చింది, జీతంతో సహా. పిల్లల్ని చూసుకునే సెలవు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016లో 60 రోజులిచ్చి, 2022లో 180 రోజులు చేసింది. అమ్మకీ నాకూ మధ్య ఒక్క తరమే తేడా. నాకొచ్చిన సెలవులన్నీ కలిపినా, అమ్మ నన్ను చంకనేసుకుని చేలకి పోయిన రోజులకి సరితూగవు.

మా అమ్మ సంగతి చెబితే సాహిత్య మిత్రులు వెంటనే "ఎంత త్యాగం!" అంటారు. ఆ మాట నాకు పడదు. త్యాగమంటే ఉన్నదాన్ని కోరి వదులుకోడం. అమ్మకి ఏముందని వదులుకుంది? ఇంకో సంగతి. త్యాగం అనగానే మిగతావాళ్ళంతా చేతులు దులుపుకోవచ్చు. మొగుడూ, అన్నదమ్ములూ, ఆసామీ, సర్కారూ ఎవరూ బాకీ లేనట్టే. దండం పెడితే సరిపోతుంది.

బాబాసాహెబ్ న్యూయార్కులో, లండన్లో చదువుకుంటుంటే బొంబాయిలో ఇల్లు ఈడ్చింది రమాబాయి. ఆమెకి అయిదుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. 1935లో ఆమే పోయింది. తర్వాత పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని బాబాసాహెబ్ ఆమెకే అంకితమిచ్చారు. లేమిలో, తోడెవరూ లేని రోజుల్లో తనతోపాటు కష్టపడిందని అందులో తలుచుకున్నారు. ఆయన ఆమెని దేవతని చెయ్యలేదు. కష్టం ఇద్దరిదీ అన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. కష్టం ఇద్దరిదీ అయితే పనీ పంచుకోవాలి కదా?

మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. ఏప్రిల్ 14న సంఘం మీటింగులో సమానత్వం మీద గంటసేపు మాట్లాడగలడు. "నువ్వు మాట్లాడే గంటలో మనింట్లో అంట్లు ఎవరు తోముతున్నారు?" అని ఒకసారి అడిగాను. రెండ్రోజులు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మూడో రోజు పీచు చేత పట్టాడు. ఇప్పుడు పొద్దుటి డ్యూటీలున్న వారం చిన్నాణ్ణి జోకొట్టేది ఆయనే. అసలు గొడవ అమ్మతో వచ్చింది. "మొగోడి చేత అంట్లు తోమిత్తావా? పల్లెలో తెలిత్తే నవ్వుతారు" అంది. తర్వాత అసలు మాట బయటపెట్టింది. "పని లేకపోతే నేనెవురికి కావాలే? మూల కూచోబెట్టి కూడెడతావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పనితోనే విలువ కట్టిన లోకంలో బతికిన మనిషికి విశ్రాంతి ఇస్తానంటే బయటికి గెంటేసినట్టు వినపడుద్ది. నెలనెలా అమ్మ పేరున పోస్టాఫీసు పుస్తకంలో మూడు వేలు వేస్తున్నాను. మొదట్లో, "కూతురు తల్లికి కూలిత్తదా?" అని మండిపడింది. కూలి కాదమ్మా, జీతం వచ్చే ఇంట్లో నీ వాటా అన్నాను. చాలాసేపు పుస్తకం తిప్పి చూసింది. "ఆసామి అయితే చెయ్యి తగలకుండా పైనుంచి పడేసేవోడు" అంది. పుస్తకం దిండు కింద పెట్టుకుంది. అన్ని పనులూ అమ్మ మానలేదు. ఏది చెయ్యాలో, ఏది మానాలో తానే చెబుతుంది. చిన్నాణ్ణి మాత్రం పూర్తిగా ఎవరికీ వదలనంది.

గంట సంగతి ఇట్టా కొంత తేలినా, కథ సంగతి ఉంది. నేను రాసేది చాలావరకు అమ్మ బతుకే. దాని మీద హక్కు ఎవరిది? మరాఠీలో బేబీ కాంబ్లే తన కిరాణా కొట్లో కూచుని రాసింది ఇంట్లోవాళ్ళకి తెలీకుండా ఇరవై ఏళ్ళు దాచింది. 1986లో అది పుస్తకమైంది. ఊర్మిళా పవార్ 2003లో తన ఆత్మకథకి 'ఆయదాన్' అని పేరు పెట్టింది. వాళ్ళమ్మ అల్లిన వెదురు సామాను పేరది. ఒకామె దాచుకుని రాసింది, ఒకామె తల్లి పనినే పేరుగా తీసుకుంది. నేను నా పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. అమ్మ సంగతి ఏది రాసినా పత్రికకి పంపేముందు ఆమెకి చదివి వినిపిస్తాను.

ఒక కథలో, కోతల నుంచి ఒడిలో కట్టుకొచ్చిన గుప్పెడు మిరపకాయల సంగతి ఉంది. తీసెయ్యమంటుందనుకున్నా. "ఉంచు. పిల్లలకి పచ్చడి ముద్ద పెట్టాలని తెచ్చా. సిగ్గెందుకు?" అంది. ఇంకొక సంగతి మాత్రం తీసెయ్యమంది. అదేంటో ఇక్కడా రాయను. అది నిజం, రాస్తే పదిమందికి పనికొచ్చేది కూడా. అయినా నేను గంట కోసం ఆమె చేతుల్ని వాడుకున్నట్టే, పేరు కోసం ఆమె గాయాన్ని అడక్కుండా వాడుకోలేను.

మనవాళ్ళే కొందరు అంటారు: "1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగిన నేల మీద కూచుని అంట్ల గురించి, జోకొట్టడం గురించి రాస్తావా?" రాస్తాను. చుండూరులో మగవాళ్ళని చంపాక ఆ ఇళ్ళల్లో పొయ్యి రాజేసిందెవరు, పిల్లల్ని సాకిందెవరు? పోరాటాలు పొద్దున మీటింగుతో మొదలవ్వవు. అంతకంటే ముందు ఎవరో లేచి బువ్వ వండుతారు. ఆ మనిషికి లెక్కలో చోటివ్వని ఉద్యమం ఊరి లెక్కనే పల్లెలోకి తెచ్చినట్టు.

మా అమ్మాయి ఈమధ్య నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది. అడిగితే చూపించదు. రేపు దానికి బిడ్డలు పుట్టాక దాని గంట కోసం నేను జోకొట్టాల్సి రావచ్చు. కొడతాను, అయితే నా ఇష్టంతో, నా ఓపికున్నంత వరకు. ఆ పక్కనే దాని మొగుడు అంట్లు తోముతా ఉండాల. నేను రాసుకునే గంట పోకూడదు.