కోట కదలదు, కేడెం వెంట వస్తుంది

వాక్యభాగం: 2 సమూయేలు 15:13–30, కీర్తనలు 3

ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ నగరం నుంచి సాల్జాఖ్ నది వెంట దక్షిణంగా వెళ్తే పర్వతాలు రెండు పక్కలా దగ్గరవుతాయి. ఆ ఇరుకు లోయలో వెర్ఫెన్ అనే ఊరుంది. ఊరి పైన, నదికి సుమారు 150 మీటర్ల ఎత్తున నిటారు గుట్ట మీద హోహెన్‌వెర్ఫెన్ కోట నిలబడి ఉంది. పైకెక్కి గోడ పక్కనుంచి కిందికి చూస్తే నది, రోడ్డు, రైలుపట్టాలు మూడూ ఒక్క చూపులో పడతాయి. ఇక్కడ కాపలా ఉన్నవాడి కన్నుగప్పి లోయ దాటడం ఎవరి తరం?

ఈ కోట కట్టించింది సాల్జ్‌బర్గ్ ఆర్చ్‌బిషప్ గేబ్‌హార్డ్. బిషప్పులను నియమించే అధికారం ఎవరిదని పోపు ఏడవ గ్రెగరీకి, జర్మనీ రాజు నాలుగవ హెన్రీకి మధ్య పోరు ముదిరినప్పుడు ఆయన పోపు పక్షం నిలిచాడు. రాజుకు భయపడి 1077 ప్రాంతంలో సాల్జ్‌బర్గ్‌లోనూ, ఇక్కడా కోటలు లేపాడు. అయినా ఆ రోజుల్లోనే ఊరు విడిచిపోవలసి వచ్చింది. దాదాపు తొమ్మిదేళ్లు పరాయిచోట్ల గడిపాడు. గోడలు ఇక్కడే ఉండిపోయాయి.

ఐదు వందల ఏళ్ల తర్వాత అదే పీఠం మీద వోల్ఫ్ డీట్రిష్ కూర్చున్నాడు. ఉప్పు వ్యాపారం దగ్గర బవేరియాతో తగాదా పడి, 1611లో పారిపోతూ పట్టుబడ్డాడు. ఆయన్ను బంధించి తెచ్చింది ఈ హోహెన్‌వెర్ఫెన్‌కే. తర్వాత సాల్జ్‌బర్గ్ కోటకు మార్చారు. 1617లో అక్కడే ఖైదీగా కన్నుమూశాడు. రెండూ ఆయన ఏలుబడిలోని కోటలే. తనను కాపాడవలసిన గోడలే తనకు చెరసాల అయ్యాయి.

దావీదుకూ కోట ఉంది. సీయోనును గెలిచి, దాన్ని బలపరచి, అందులో కాపురమున్నాడు. కన్నకొడుకు అబ్షాలోము తిరగబడిన రోజున ఆ కోట వదిలి, తల కప్పుకొని, చెప్పులు లేని కాళ్లతో ఏడుస్తూ ఒలీవల కొండ ఎక్కాడు. యాజకులు మోసుకొచ్చిన మందసాన్ని సైతం వెనక్కి పంపేశాడు. దేవునికి తన మీద దయ ఉంటే తిరిగి రప్పిస్తాడు, లేదంటే ఆయన చిత్తమే జరగనీ అన్నాడు.

మూడవ కీర్తన ఆ పారిపోయిన నాటిదే. అందులో దావీదు దేవుణ్ని తన చుట్టూ ఉన్న కేడెం అంటాడు. కోట కట్టినచోటే ఉంటుంది. కేడెం మనిషితో నడుస్తుంది. అందుకే వేలమంది తన మీదికి లేచిన వేళ కూడా పడుకొని నిద్రపోయానని, యెహోవా ఆదుకోవడం వల్ల మళ్లీ మేలుకున్నానని చెప్పగలిగాడు. ఇల్లూ వాకిలీ పోయిన రాత్రి కంటినిండా నిద్రపట్టడం ఎంత గొప్ప కృప!

మనమూ కోటలు కట్టుకుంటాం. నాలుగు రాళ్లు వెనకేసుకుంటాం, పిల్లలకు ఓ ఇల్లు అమర్చాలని చూస్తాం. అది తప్పు కాదు. అయితే ఆ ఇంటి కోసమే అన్నదమ్ములు మాటలు మానుకున్నప్పుడు, ఆ డబ్బు పోతుందేమోనని రాత్రంతా దొర్లుతున్నప్పుడు, మన కోటలో మనమే ఖైదీలమయ్యాం. డాక్టరు రిపోర్టు చూసి మౌనంగా ఉండిపోయిన రోజున, ఉద్యోగం పోయిన రోజున ఆ కోట వెంట రాదు. ప్రభువు వస్తాడు.

ఈ రాత్రి పడుకునే ముందు మూడవ కీర్తన పైకి చదవండి. ఏది పోతుందని భయపడుతున్నారో దాన్ని పేరు పెట్టి ఆయన ముందు చెప్పండి. చెప్పాక దీపం ఆర్పి పడుకోండి.

ప్రార్థన: తండ్రీ, నేను కట్టుకున్నవాటిని నీ చేతికి అప్పగిస్తున్నాను. అవి నిలిచినా పోయినా నువ్వు నాతో ఉన్నావని నమ్మే మనసు ఇవ్వు. ఈ వేళ ఇల్లు విడిచి, దిక్కుతోచక నడుస్తున్నవాళ్లకు నువ్వే కేడెంగా ఉండు. యేసు నామంలో అడుగుతున్నాను. ఆమేన్.