పెద్దవాళ్ళు పెట్టే బట్టలు, మన లెక్కలు

క్రితం వీడియోలో దానం గురించి చెప్పుకున్నాం. సమయం చాలక వదిలేసిన ఒక ధర్మసందేహం ఇక్కడ రాస్తున్నాను.

పండగ వస్తే పెద్దవాళ్ళకి నలుగురికీ ఏదో ఒకటి పెట్టాలని ఉంటుంది. కాళ్ళు సహకరించవు, ధర చీటీ కనబడదు. తోడు వెళ్ళేది మనమే. మరి ఎవరికి ఎంతలో పెట్టాలన్న మాట ఎవరిది? తోడు వెళ్ళినంత మాత్రాన మనదైపోతుందా?

మా పెద్దమ్మకి 81 ఏళ్ళు. రాజమండ్రిలో ఉంటుంది. సంక్రాంతి ముందు తాడితోట బట్టల మార్కెట్‌కి నేనే తీసుకెళ్తాను. ఈసారి పనిచేసే ఆవిడ చీర దగ్గర చిక్కొచ్చింది. కోడలికి తీసిన ధరలోనే, 1,400లో, ఆవిడకీ తీయమంది. వీడియో కాల్‌లో ఉన్న మా అక్క ఊరుకోలేదు. "ఆవిడకి పెట్టుబడి చీర చాలదా అమ్మా? 300లో వస్తుంది. నీ పెన్షన్ ఎంతని?" అంది. ఆ మాట చెవిన పడగానే కొట్లో కుర్రాడు పెట్టుబడి చీరల కట్ట తెచ్చి ముందు పడేశాడు.

పెట్టుబడి చీర సంగతి మనకి తెలియనిదేం కాదు. పెట్టడానికే తప్ప కట్టుకోవడానికి కాదు. తాంబూలంలో జాకెట్టు ముక్కలాగా బీరువాలోంచి బీరువాలోకి తిరుగుతూ ఉంటుంది. (మేమిచ్చిన ఆకుపచ్చ ముక్కొకటి మూడేళ్ళకి మా ఇంటికే తిరిగొచ్చింది. మడత కూడా విప్పలేదు!) పెద్దమ్మ ఆ కట్టని పక్కకి జరిపి, "ఆ పిల్ల కట్టుకోవాలిరా. ఇంకొకరికి పెట్టెయ్యడానికా నేను కొనేది?" అంది.

నాకు వెంటనే కఠోపనిషత్తు గుర్తొచ్చింది. వాజశ్రవసుడు యాగం చేసి గోవుల్ని దానమిస్తున్నాడు. ఎలాంటి గోవులు? తాగాల్సిన నీళ్ళు తాగేసి, మేయాల్సిన గడ్డి మేసేసి, పాలు ఉడిగిపోయినవి. లెక్కకి దానమే, తీసుకున్నవాడికి మాత్రం బరువు. అది చూసే నచికేతుడి మనసు కలుక్కుమంది. తండ్రిని అడ్డుకోలేదు గానీ, "నన్నెవరికి ఇస్తావు?" అని అడిగాడు. మా పెద్దమ్మ ఉపనిషత్తు చదవలేదు. ఆవిడకి అవసరం కూడా లేదనుకుంటాను.

గీత 17వ అధ్యాయంలో 20 నుంచి 22 వరకు ఉన్న శ్లోకాల్లో దానం మూడు రకాలని ఉంది. ఇవ్వాలి కాబట్టి, తిరిగి ఏమీ చెయ్యలేని వాళ్ళకి ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం కోసమో, మనసులో బాధపడుతూనో ఇచ్చేది రాజసం. చులకనగా పడేసేది తామసం. ఇక్కడే నా సందేహం. పెద్దమ్మకి ఇవ్వడంలో ఏ బాధా లేదు. బాధంతా పక్కనున్న మనది. ఆ నిట్టూర్పు, "అంత ఎందుకు" అన్న మాట మనం తీసుకెళ్ళి ఆవిడ దానంలో కలుపుతున్నాం. నీళ్ళు కలిపిన పాలు అమ్మడం ఇంతకన్నా నయమేమో!

అలాగని మా అక్కది దుర్మార్గం కాదు. తల్లి మందులకి తక్కువ పడుతుందేమోనని భయం. తనవాళ్ళని కష్టంలో ఉంచి బయటివాళ్ళకిచ్చే దానం ధర్మంలా కనబడుతుందే గానీ ధర్మం కాదని మనుస్మృతి 11వ అధ్యాయంలో ఉంది. పెద్దవాళ్ళు అప్పు చేసి పెడుతుంటే, మాత్రలు మానేసి పెడుతుంటే, ఎవరో మాయమాటలతో లాగేస్తుంటే తప్పకుండా అడ్డుపడాలి. అందుకే బయల్దేరే ముందు రోజు ఇంట్లోనే అడుగుతాను, "మందులకి తీసి పక్కన పెట్టావా పెద్దమ్మా?" అని. పెట్టానంటే ఇక కొట్లో నోరెత్తను. నలుగురిలో "నీ దగ్గర అంత ఉందా" అని అడిగించుకునే వయసా అది?

ధర చదివి చెప్తాను, కూర్చోడానికి స్టూలు అడుగుతాను, సంచులు మోస్తాను. డబ్బు మాత్రం ఆవిడే ఇవ్వాలి. చిన్న సంచీలోంచి నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెడుతుంది. వెనకాల వాళ్ళు విసుక్కుంటారు. ఫోన్లో నేను కట్టేస్తే క్షణంలో పని. కానీ అప్పుడు ఆ చీర పెట్టింది నేనవుతాను కదా!

నచికేతుడి కథ వచ్చే వీడియోలో పూర్తిగా చెప్పుకుందాం.