ఆగిన నిమిషాల లెక్క

"ప్రూఫ్ ఏమన్నా ఉందా మేడమ్?"

పోయిన డిసెంబరులో ఒక కార్యాలయంలో మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. మేం అయిదుగురం వెళ్ళాం. ఆబిడ్స్ నుంచి నాంపల్లి వైపు వచ్చే దారిలో ఒక సందులో వీధిదీపాలు వెలగడం లేదు. పొద్దుగూకితే ఆ సందు దాటాలంటే భయంగా ఉంటోందని అర్జీ రాసుకుని పోయాం. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "భయం అంటే ఎట్లా మేడమ్? కేసులేమైనా నమోదయ్యాయా? డేటా ఉంటే పట్టుకురండి" అన్నాడు.

బయటికొచ్చాక మాలో అందరికన్నా చిన్నమ్మాయి నా చేతి వంక చూసి, "అక్కా, నీ దగ్గర డేటా ఉంది కదా!" అంది.

ఉంది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య పంపిన వాచీ అది. అడుగులు, గుండె వేగం, ఉన్న చోటు, అన్నీ రాసుకుంటుంది. ప్రతి నడకా ఒక ఫైలు. సాహిత్యంలో పిహెచ్.డి. చేసిన నాకు ఎక్సెల్‌తో పరిచయం అంతంత మాత్రమే. అయినా ఆ రాత్రే కూర్చుని, అంతకు ముందు ఆదివారం సాయంత్రం సుల్తాన్ బజార్ నుంచి ఆబిడ్స్ మీదుగా నాంపల్లిలో మా అద్దె ఇంటి దాకా నడిచిన నడకను పట్టికగా మార్చే పనిలో పడ్డాను.

ఫైలు పేరు చివర 'ఫిట్' అని ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. అది మనుషులు చదవడానికి రాసింది కాదు, యంత్రం యంత్రానికి చెప్పుకునే మాట. అందులో చోటు డిగ్రీల్లో ఉండదు. 180 డిగ్రీలను 214 కోట్ల పైచిలుకు ముక్కలు చేసి, మనం ఎన్నో ముక్క మీద ఉన్నామో రాస్తుంది. హైదరాబాదు 17.39 డిగ్రీల అక్షాంశం అందులో 20 కోట్ల 74 లక్షల చిల్లర అంకె. కాలమేమో 1989 డిసెంబరు 31 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. గార్మిన్ సంస్థ ఉచితంగా ఇచ్చే ఒక పనిముట్టుతో దాన్ని కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలుగా మార్చి ఎక్సెల్‌లో తెరిచాను. సెకనుకో వరస. 52 నిమిషాల నడక 3,120 వరసలయింది.

మొదటి వరస చూసి ఉలిక్కిపడ్డాను. నేను బయల్దేరింది సాయంత్రం 6:40కి. పట్టికలో మధ్యాహ్నం 1:10 అని ఉంది. వాచీ తప్పేం లేదు. ఇలాంటి ఫైళ్ళు కాలాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంలో రాసుకుంటాయి, మన సమయం కావాలంటే 5 గంటల 30 నిమిషాలు మనమే కలుపుకోవాలి. కలపకుండా ఆ పట్టికను తీసుకెళ్ళి అధికారి చేతిలో పెట్టి ఉంటే? డిసెంబరు చీకట్లో నేను బిక్కుబిక్కుమంటూ దాటిన సందు కాస్తా పట్టపగటి సందు అయిపోయేది. అంకె అబద్ధం చెప్పదంటారు. చెప్పకపోవచ్చు. కానీ అది ఎక్కడ నిలబడి నిజం చెబుతోందో అడగాలి కదా!

తర్వాత వేగం కాలమ్ చూశాను. మొత్తం 52 నిమిషాల్లో కదిలింది 31 నిమిషాలు. మిగతా 21 నిమిషాల దగ్గర వేగం సున్నా. ఇలాంటి వరసల్ని 'శుభ్రం' చేసేయమని, లేకపోతే సగటు వేగం తప్పుగా వస్తుందని ఈ పని తెలిసినవాళ్ళు చెబుతారు. వాచీలో 'ఆటో పాజ్' పెట్టుకుని ఉంటే అసలు ఆ నిమిషాలు ఫైల్లోకే ఎక్కేవి కావు.

శుభ్రం చేయబోయి ఆగాను. ఆ 21 నిమిషాలూ నేనేం చేశాను? 11 నిమిషాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, దుకాణం సర్దేసుకుంటున్న పుస్తకాలతని దగ్గర. 3 నిమిషాలు రోడ్డు దాటలేక. ఇంకో 3 నిమిషాలు "ఎక్కడున్నావే, ఇంకా ఇల్లు చేరలేదా?" అని అమ్మ ఫోను. మిగిలిన 4 నిమిషాలు సందు మొదట్లో ఉన్న మందుల షాపులో. వెనకాలే ఒకడు వస్తున్నాడు. నేను మెల్లగా నడిస్తే మెల్లగా, తొందరగా నడిస్తే తొందరగా. షాపులో లైట్లున్నాయి, మనుషులున్నారు. లోపలికి దూరి, అక్కర్లేని తలనొప్పి మాత్రలు కొన్నాను. ఆ 240 వరసల్లో వేగం సున్నా, గుండె వేగం 121.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం తెచ్చారు. ముంబయి వీధుల్లో ఆడవాళ్ళు ఏదో పని మీద వచ్చామని చూపించుకుంటే తప్ప నిలబడలేరన్న సంగతి అందులో వివరంగా చర్చించారు. నా తలనొప్పి మాత్రలు అలాంటి పనే. నిలబడటానికి నేను కట్టిన సుంకం. ఆ సుంకం కట్టిన నిమిషాలనే పట్టిక చెత్త కింద తీసేయమంటోంది!

మరి ఆ 121ని సాక్ష్యంగా పెట్టొచ్చా? మొదట నాకూ సంబరమేసింది. ఇదిగో అయ్యా, నా భయానికి అంకె! కానీ రెండు రోజుల తర్వాత మెట్రో స్టేషన్ మెట్లెక్కినప్పటి ఫైలు తెరిస్తే అక్కడా 121 ఉంది. వాచీకి రెండూ ఒకటే. ఏది మెట్లో ఏది భయమో చెప్పగలిగింది నేనే. అంటే నా మాటను అంకె నిలబెట్టడం లేదు, అంకెనే నా మాట నిలబెడుతోంది.

అసలు ఆ అంకెను కొలిచే బద్ద ఎవరిది? గుండె గరిష్ఠ వేగానికి బాగా వాడుకలో ఉన్న లెక్క 220లోంచి వయసు తీసేయడం. అది ఎక్కువగా మగవాళ్ళ మీద చేసిన పరిశీలనల్లోంచి వచ్చింది. 2010లో మార్తా గులాటీ బృందం 5,000 మందికి పైగా స్త్రీలను పరిశీలించి, 206లోంచి వయసుకు 0.88 రెట్లు తీసేయాలని చెప్పింది. 36 ఏళ్ళ నాకు మొదటి లెక్కలో 184, రెండో లెక్కలో 174. శరీరం ఒకటే. ఎవరిని మనిషిగా అనుకుని లెక్క కట్టారన్నదే తేడా.

ఇంకో భయం కూడా ఉంది. ఆ పట్టిక చివరి వరస మా ఇంటి గేటు. ఏ రోజు ఏ వేళకు ఒంటరిగా వస్తానో అన్ని ఫైళ్ళూ కలిపి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. స్ట్రావా సంస్థ 2017 నవంబరులో అందరి నడకలూ పరుగులూ కలిపి వేసిన ప్రపంచ పటంలో సైనిక స్థావరాల ఆనవాళ్ళే కనిపిస్తున్నాయని 2018 జనవరిలో బయటపడింది. సైన్యమే దాచుకోలేనిది నేను దాచుకోగలనా? మొన్న అన్నయ్య కూడా, "ఆ యాప్‌లో నన్నూ కలుపు, నువ్వెక్కడున్నావో తెలుస్తుంటుంది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఎప్పుడు బయల్దేరావు, ఎప్పుడొచ్చావు, దారిలో ఎక్కడ ఆగావు... ఆడపిల్లల మీద ఇంట్లో ఎప్పుడూ నడిచే లెక్కే ఇది. ఇప్పుడు సెకనుకో వరస చొప్పున నాచేతే రాయిస్తున్నారు. నా శరీరం గురించి నేను రాసుకునే లెక్కకూ, నా గురించి ఇంకొకరికి అప్పజెప్పే లెక్కకూ మధ్య గీత ఎంత సన్ననిదో ఆ క్షణం తెలిసింది.

ఇదంతా చెబితే మా చిన్నమ్మాయి విసుక్కుంది. "నీ తత్వం తర్వాత అక్కా, ముందు లైటు రానీ. వాళ్ళకు అంకెలు కావాలంటే అంకెలిద్దాం. ఏం పోయింది?"

ఆ మాట కొట్టిపారేసేది కాదు. దీపం వస్తే రేపు ఎవరో ఒకమ్మాయి మందుల షాపులో దూరాల్సిన పని తప్పుతుంది. నా సున్నితత్వం కోసం దాన్ని వదులుకునే హక్కు నాకుందా? వారం రోజులు తేల్చుకోలేకపోయాను.

తేల్చింది ఆ సందు మొగన పూలమ్మే ఆమె. అర్జీ మీద సంతకం కోసం వెళ్ళి, భయమేస్తుందా అని అడిగాను. "మునుపు తొమ్మిదింటిదాంక కూసుంటుంటి బిడ్డా. లైట్లు పోయినప్పటిసంది ఏడు గొట్టంగనే బుట్ట సదురుకుంటున్న" అంది.

రోజుకు రెండు గంటల బేరం. ఆమె చేతికి వాచీ లేదు, ఆమె గుండె ఏ ఫైల్లోనూ కొట్టుకోదు. ఈ రోజు నేను నా 121ని పెట్టి గెలిస్తే, భయానికి రుజువు అంటే ఇలా ఉండాలని నేనే ఒప్పుకున్నట్టు. రేపు ఆమె వెళ్ళి చెబితే, "డేటా ఉందా?" అంటారు. ఖరీదైన వాచీ ఉన్నవాళ్ళదే భయం అవుతుంది. ఆమె మాట సున్నా వేగం వరస అవుతుంది.

స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న మాటలే దానికి ఆధారం. ఆ మాటలను విని, వాటి తడబాట్లతో సహా అచ్చువేయడమే చరిత్ర రచన అయింది. మనం ఈ హైదరాబాదులో నేర్చుకున్న పాఠమే ఇది. ఎక్సెల్ ముందు కూర్చోగానే ఎలా మర్చిపోయాను?

అలాగని పట్టికను పారేయలేదు. వేళ సరిచేశాను. ఇంటి గేటు ఉన్న వరసలు తీసేశాను. సున్నా వరసలు అలాగే ఉంచి, పక్కన కొత్త కాలమ్ ఒకటి పెట్టి 'ఎందుకు ఆగాను' అని రాశాను. అదే కాలమ్‌ను మామూలు కాగితం మీద గీసి ఆ దారిన నడిచే ఆడవాళ్ళందరికీ ఇచ్చాం. వేళ, చోటు, ఎందుకు. రాయలేనివాళ్ళు చెబితే మేం రాశాం. మొదటి వరస పూలమ్మే ఆమెది. నాది పదకొండోది. అందులో 121 లేదు, తలనొప్పి మాత్రలున్నాయి.

కాగితాలు ఇచ్చి వచ్చాం. సందులో దీపం ఇంకా వెలగలేదు. మళ్ళీ వెళ్తాం. ఈసారి డేటా ఏదని అడిగితే, ఇదేనని చెబుతాం.