వినబడనిది లేనిదేనా?

కొండపై పొగను చూచి నిప్పును ఊహించుట తార్కికులు తరతరములుగా చెప్పుచున్న ఉదాహరణము. ఆ కొండ దాక పోనక్కరలేకయే, గుంటూరు ఆటోనగరులో గాని, చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా మద్రాసు పోవు రహదారి పక్కనున్న ఏ షెడ్డులో గాని ఒక పూట కూర్చున్నవానికి అనుమానప్రమాణము చేయు పని యావత్తును కంటబడును. బానెట్టు ఎత్తిన పాత అంబాసిడరు ఒకటి టిక్కు టిక్కున కొట్టుకొనుచుండును, మిరప టిక్కీలు యార్డులో దింపించి వచ్చిన ఆసామి, “ఇంజను పోయినట్టేనంటావా?” అని ఆత్రముగా అడుగును, మెకానిక్కు మారు పలుకక, పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకొని, దాని మొనను ఇంజనుమీద ఒక్కొక్కచోట మోపుచు వినుచుండును. తొందరపడి పలుకకుండుటయే తార్కికునకు మొదటి యోగ్యత యనినచో, ఈ విషయమున సభాపండితులకంటె ఇతడే ఒక మెట్టు పైనున్నాడని నాకు తోచును.

ఏలయన, వినబడు చప్పుడు ఒక్కటియే యైనను దానికి కారణములు పెక్కు. క్యాముషాఫ్టు పైకి లేపిన పుష్‌రాడ్డు రాకరును కదల్చును. రాకరు కొన వాల్వు కాడను నొక్కును. ఈ రెంటి నడుమ ఉండవలసిన సందు, అనగా అంబాసిడరు ఇంజనుకు 0.015 అంగుళము, షెడ్డు భాషలో 15 థౌ, అరుగుదల చేత పెరిగినచో ఇనుము ఇనుమును కొట్టును; ట్యాపెట్ల చప్పుడనునది ఇదియే. ఎగ్జాస్టు గ్యాస్కెటు చిట్లి పొగ బయటికి చిమ్మినను ఇంచుమించు ఇట్టి ధ్వనియే పుట్టును. కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగినచో చప్పుడు మరికొంత బరువుగా ఉండును గాని, కంగారులో నున్న చెవికి ఆ తేడా తెలియదు. క్యాముషాఫ్టు వేగము క్రాంకుషాఫ్టు వేగములో సగమే కావున, ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క వాల్వు 400 సార్లే కదలును. బేరింగు చప్పుడు క్రాంకు వేగముతో నడచును. ఈ లెక్కతో బేరింగును వేరుచేయవచ్చును. కాని ఒక సిలిండరు గ్యాస్కెటు సందునుండి వచ్చు చప్పుడు సైతము నిమిషమునకు 400 సార్లే గదా! అందుచేత లెక్క యొక్కటే పట్టుకొని కూర్చున్నచో అది సవ్యభిచార హేతువగును. సాధ్యమున్నచోటను, లేనిచోటను కూడ కానవచ్చునది దేనిని సాధింపగలదు?

కావున మెకానిక్కు ప్రశ్నలను మార్చును. ఒక ప్లగ్గు వైరు తీయును. అంతటితో చప్పుడు మెత్తబడినచో అనుమానము బేరింగు మీదికి పోవును, ట్యాపెట్లదైనచో పెద్దగా మారదు. తెల్లవారి చల్లని ఇంజనులో హెచ్చుగా వినబడి, వేడెక్కి ఇనుము వ్యాకోచించిన కొలది అణగునది చాలసార్లు గ్యాస్కెటు దోషము. తరువాత ట్యాపెట్ కవరు విప్పి, ఇంజను మెల్లగా తిరుగుచుండగనే, వేడి నూనె చేతులమీద తుంపరలుగా పడుచుండగా, ఎనిమిది రాకర్లలో ఒక్కొక్కదాని క్రింద ఫీలరుగేజి రేకును దూర్చును. ఏడింటియందు ఏ మార్పును లేక, ఎనిమిదవదానియందు రేకు దూరగనే చప్పుడు ఠక్కున ఆగి, తీయగనే మరల మొదలిడినచో వ్యాప్తి నిశ్చయమైనది. అన్వయవ్యతిరేకములను ఇంత సూటిగా బోధించు గురువును నేనెరుగను.

అసలు చిక్కు చప్పుడు లేనిచోట కలదు. “ట్యాపెట్లు కాస్త లూజున్నా పర్లేదండీ, టైటు మాత్రం కాకూడదు” అను మాట ఈ షెడ్లలో తరచు వినబడును. సందు బొత్తిగా మూసికొనిపోయిన ఎగ్జాస్టు వాల్వు తన పీటమీద పూర్తిగా కూర్చుండదు; కూర్చుండనిది తన వేడిని పీటకు అప్పగింపజాలదు; అప్పగింపలేక అంచున కాలి, తుదకు కంప్రెషను పోవును. ఇంతయు జరుగుచున్నంతసేపు చెవికి ఏమియు తెలియదు. పైపెచ్చు బండి మునుపటికంటె నెమ్మదిగా నడచుచున్నదని యజమాని సంతోషించును. 2000వ సంవత్సరమున పెట్రోలునుండి సీసము తొలగిన పిమ్మటను, కిరాయి బండ్లు గ్యాసుకు మారిన పిమ్మటను, మెత్తని పీటలు గల పాత ఇంజన్లలో ఈ ముప్పు హెచ్చినది. పీట అరిగి వాల్వు లోనికి దిగిన కొలది సందు తగ్గును, సందుతోబాటు చప్పుడును తగ్గును.

ఇది యోగ్యానుపలబ్ధి, అనగా కనబడదగినది కనబడకపోవుట, అను దాని విచారము. కాశీకి పోయినంతనే ఎవడును అన్నంభట్టు కాడను నానుడికి పాత్రుడైన మన తెలుగు తార్కికుడు, తన తర్కసంగ్రహమునకు తానే వ్రాసిన దీపికయందు, ఇచట కుండ యుండినచో నేల కనబడినట్లే అదియు కనబడి యుండెడిది అను తర్కమును చూపెను. ఆ ‘ఉండినచో’ అనునది పొసగిననే, కనబడకపోవుట లేకపోవుటకు సాక్ష్యమగును. లూజు ట్యాపెట్టు విషయమున అది పొసగును; ఉండినచో వినబడి యుండెడిది. టైటు వాల్వు విషయమున పొసగదు. ఏడవ శతాబ్దముననే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి న్యాయబిందువునందు దీనిని మరింత పదునుగా చెప్పి, దేశముచేత గాని కాలముచేత గాని స్వభావముచేత గాని మనకు అందని వస్తువు కానరాకపోవుట సంశయమును మాత్రమే పుట్టించునని తేల్చెను.

ఈ సూత్రము దేవుని దాక పోవక తప్పదు. కనబడలేదు గనుక దేవుడు లేడని చార్వాకుడనెను. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి మూడవ స్తబకమున, కనబడుటకు యోగ్యుడు కానివాడు కనబడకపోయినంతనే లేనివాడు కాడని ఆ వాదమును త్రోసివైచెను. ధర్మకీర్తి అదే సూత్రమును చేత బట్టుకొని యుండియు, ప్రమాణవార్తికమునందు ఈశ్వరుని ఇతర యుక్తులతో నిరాకరించెను. ఇద్దరును తమ తమ హద్దు నెరిగి మాటాడిరి. మన ఊళ్ల రచ్చబండలమీది ఆస్తిక నాస్తిక వాదములలోనే ఆ హద్దు చెరిగిపోవుచున్నది. కల్లములో మిరపకాయలు ఎండుచుండగా మబ్బు పట్టినప్పుడు రైతు మ్రొక్కుకొనును. వాన తప్పిపోయినచో దేవుడు విన్నాడనును. పడి కాయ తాలు తిరిగినచో, ఆయన లీల మనకు అందునా యనును. మొదటి మాటచేత అతడు దేవుని కార్యమును ప్రత్యక్షయోగ్యము చేసెను. చేసిన పిమ్మట తడిసిన పంటయు సాక్షిగా నిలువవలసినదే. రెండవ మాటచేత ఆయనను యోగ్యతకు ఆవలికి జరిపెను. జరిపిన పిమ్మట నాస్తికుడు తడిసిన పంటను చూపి చేయు ఆక్షేపము చెల్లదు, కాని తప్పిపోయిన వానను చూపి రైతు చెల్లించు కొబ్బరికాయయు ప్రమాణముగా చెల్లదు. కృతజ్ఞతగా చెల్లునేమో, అది వేరు సంగతి.