కథలో కష్టం ఎవరిది?

నకరికల్లు మండలం చేజర్లలో కపోతేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. గర్భగుడి గజపృష్ఠాకారంలో ఉంటుంది. ఒకనాటి ఇటుకల బౌద్ధ చైత్యమే తర్వాత శివాలయమైందని చరిత్రకారులు చెబుతారు. డేగ బారినుంచి పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి పావురం ఎత్తు తన ఒంటి మాంసం డేగకు కోసి ఇచ్చింది ఇక్కడేనని మా వైపు నమ్మకం. నేను పలనాడులో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెబుతాను. మా పిల్లలకు మొదట చెప్పే పెద్ద కథ ఇదే.

కథ అయిపోగానే ‘నీతి ఏమిటి?’ అని అడగడం మనకు తరతరాల అలవాటు. పిల్లలు కూడా ‘దానం చెయ్యాలి’, ‘అబద్ధం ఆడకూడదు’ అని టక్కున అప్పజెబుతారు. నేను ఆ ప్రశ్నను చివరికి నెట్టేశాను. ముందు అడిగేవి రెండే: ఎవరికి ఏం కావాలి? దానికి ఏం అడ్డొచ్చింది?

శిబి కథకు మొదట వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: ‘డేగ చెడ్డది టీచర్.’ అప్పుడు బల్లమీద పావురం, డేగ, రాజు బొమ్మలు గీసి, ఒక్కొక్కరికి ఏం కావాలో వాళ్లచేతే చెప్పిస్తాను. పావురానికి ప్రాణం కావాలి. రాజు మాటిచ్చాడు కాబట్టి ఆ మాట నిలబడాలి. డేగ దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఎవరూ మాట్లాడరు. ఒకసారి వెనక వరసలోంచి ఓ పాప లేచింది. వాళ్లమ్మ పొద్దున్నే మిరపకాయ కోతలకు వెళ్లి పొద్దుగూకాక వస్తుంది. ‘డేగకు ఆకలేస్తంది గదా టీచర్. గూట్లో దాని పిల్లలు గూడా ఉంటాయిగా’ అంది. తరగతిలో సగం మంది మొహాలు మారిపోయాయి. అప్పటిదాకా ఒక దొంగ, ఒక బాధితుడు ఉన్న కథ ఒక్కసారిగా ధర్మసంకటమైంది.

డేగ చెడ్డదే అయితే రాజు విల్లందుకుంటే సరిపోయేది. కథ అక్కడితో అయిపోయేది. శిబి డేగ ఆకలిని కూడా విన్నాడు. విన్నాడు కాబట్టే కత్తి తన ఒంటిమీదికి తిప్పుకున్నాడు. కోసి వేసినకొద్దీ తక్కెడ పావురం వైపే మొగ్గుతుంటే చివరికి తానే ఎక్కి కూర్చున్నాడు. ఆ త్యాగం ఎంత గొప్పదో తెలియాలంటే ముందు ఆ చిక్కు ఎంత గట్టిదో తెలియాలి. చిక్కు పట్టుకోలేని పిల్లవాడికి త్యాగం మాయాజాలంలా కనబడుతుంది, ధర్మంలా కాదు.

ముందు కష్టాన్ని తెలుసుకోవాలన్నది బుద్ధుడి మాట కూడా. ఆయన నాలుగు సత్యాలను చెప్పి ఊరుకోలేదు, ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించాడు. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి, దాని కారణాన్ని వదిలించుకోవాలి, దాని అంతాన్ని స్వయంగా అనుభవానికి తెచ్చుకోవాలి, మార్గాన్ని సాధన చెయ్యాలి. తెలుసుకోవడమే మొదటి పని. మాచర్ల అవతల నాగార్జునకొండ విహారాల్లో పదిహేడు వందల ఏళ్ల కిందట భిక్షువులు బోధించిన ధర్మం ఇదే. ఆరేళ్ల పిల్ల డేగ ఆకలిని గుర్తుపట్టిందంటే ఆ మొదటి పనిలో అడుగుపెట్టిందనే నేను నమ్ముతాను.

ఎవరికి ఏం కావాలన్న ఈ ప్రశ్న కొన్నిచోట్ల పెద్దలను ఇబ్బంది పెడుతుంది. గురజాల సీమలోని గోలిలో 3వ శతాబ్దపు స్తూపం శిల్పాలు దొరికాయి, చాలావరకు ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో పొడవాటి ఫలకం మీద వెస్సంతర జాతకం ఉంది. అడిగినవాడికి లేదనని రాకుమారుడు ఏనుగునిచ్చాడు, రథమిచ్చాడు, చివరికి కన్నబిడ్డలిద్దరినీ బ్రాహ్మణుడికి దానమిచ్చాడు. పెద్దలకు ఇది దానం పరాకాష్ఠ. రెండో తరగతి పిల్లలను అడిగితే మాత్రం, ‘ఆ పిల్లల్ని ఎవరూ అడగలేదు’ అంటారు. అది అపచారం కాదు. బౌద్ధ గ్రంథం మిళిందపఞ్హలో మిళిందరాజు నాగసేన భిక్షువును నిలదీసింది ఈ దానం గురించే. జాతకం కూడా ఆ బిడ్డల ఏడుపును దాచిపెట్టలేదు. భక్తి ఉన్న సంప్రదాయమే ఆ కన్నీళ్లకు చోటిచ్చినప్పుడు, మన తరగతి గదులు ఎందుకివ్వకూడదు?

‘డేగకూ న్యాయముందని నేర్పితే రేపు మంచికీ చెడుకీ తేడా తెలుస్తుందా?’ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. భయపడాల్సిన ప్రశ్నే. దానికి జవాబు నాకు కారెంపూడిలో దొరికింది. పలనాటి యుద్ధాన్ని తలుచుకుంటూ అక్కడ ఏటా కార్తీక అమావాస్య నుంచి పలనాటి వీరుల ఉత్సవాలు ఐదురోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. చూసొచ్చిన పిల్లలను ‘గొడవ ఎక్కడ మొదలైంది?’ అని అడిగితే అందరూ కోడిపోరే అంటారు. పెద్దవాళ్లనడిగితే కొందరు ఒక పక్షాన్ని నడిపిన నాగమ్మ అంటారు, కొందరు ఎదుటి పక్షాన్ని నడిపిన బ్రహ్మనాయుడు అంటారు. ఎవరి పక్షం వాళ్లది. అక్కడ ఆగకుండా మళ్లీ అదే అడుగుతాను: ఎవరికి ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది? కోడిపందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షపు రాజు మలిదేవుడి వాళ్లు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరి తిరిగొచ్చి తమ రాజ్యభాగం అడిగారు. ఎదుటి పక్షం ఇవ్వలేదు. వాళ్ల తరఫున రాయబారం వెళ్లిన అలరాజును విషంపెట్టి చంపారు. ఇంతవరకూ చెప్పుకున్నాక పిల్లలే అంటారు: ‘కోడి ఓడిపోతే వెళ్లిపోయారుగా. తిరిగొచ్చినప్పుడు ఇవ్వాలిగా.’ చిక్కు కోడి దగ్గర లేదు, తప్పిన మాట దగ్గర ఉంది. అలరాజును చంపడం తప్పని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కష్టాన్ని సరిగ్గా చూసినవాడికి తప్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, మసకబారదు.

మా పలనాడుకు ఇది పుస్తకాల ముచ్చట కాదు. ఊళ్లలో కక్షలు రగిలిన ఇళ్లలోంచి వచ్చిన పిల్లలు కూడా మా బడుల్లో కూర్చుంటారు. ‘ముందు కొట్టిందెవడు?’ అన్న లెక్క వాళ్లకు మనం నేర్పక్కర్లేదు, ఇంట్లోనే వచ్చేస్తుంది. ఆ లెక్కకు అంతుండదు, ఎవరి లెక్కలో వాళ్లే రెండో దెబ్బ కొట్టినవాళ్లు. ‘ఏం అడ్డొచ్చింది?’ అన్న ప్రశ్నకు మాత్రం జవాబుంటుంది, దాని మీద మాట్లాడుకోవచ్చు, సర్దుకోవచ్చు. అందుకే తల్లులనూ తాతలనూ టీచర్లనూ కోరుతున్నాను: రాత్రి కథ చెప్పాక నీతి చెప్పే తొందరలో పడకండి. ఎవరికి ఏం కష్టమొచ్చిందో బిడ్డను చెప్పనివ్వండి, ఎదుటివాడి కష్టం కూడా చెప్పించండి. ధర్మం తెలుసుకోవడం అక్కడే మొదలవుతుంది.